ప్రైవేటు వాటర్ ట్యాంకర్ రివ్యూ: అయిదుకి మూడు, ఆ మూడూ చెరువుకే

ముందే చెప్పేస్తున్నా, సప్లయర్ పేరు రాయను. రాసినా మీకు పెద్దగా ఉపయోగం లేదు, ఎందుకంటే హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి నల్లగండ్ల దాకా ఈ వ్యాపారం మొత్తం ఫోన్ నంబర్ల మీదే నడుస్తుంది, ఈ ఏడాది ఒక పేరుతో తిరిగిన బండి వచ్చే ఏడాదికి ఇంకో పేరు రాయించుకుని అదే గేటు ముందు నిలబడుతుంది. మా అపార్ట్‌మెంట్ కమిటీలో నీళ్ల లెక్క నేనే చూస్తాను. మార్చి చివర్లో బోర్లు చేతులెత్తేసిన దగ్గర్నుంచి జూన్‌లో వానలు పట్టేదాకా ఎండాకాలం మొత్తం ట్యాంకర్ల మీదే నెట్టుకొచ్చాం. హైదరాబాద్‌కి ఈ పక్కన ఉండేవాళ్లకి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

సర్వీసు సంగతి త్వరగా తేల్చేస్తాను. ఫోన్ ఎత్తుతారు. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ వాడు ఫోన్ ఎత్తడమే పెద్ద వరం. చెప్పిన టైమ్‌కి వస్తారా అంటే రారు, మధ్యాహ్నం అంటే రాత్రి తొమ్మిది, రాత్రి అంటే తెల్లవారుజామున మూడింటికి గేటు ముందు హారన్. నెలవారీ ఒప్పందం ఉన్న అపార్ట్‌మెంట్లకి ముందు పంపి, మిగిలిన బండ్లు విడిగా అడిగినవాళ్లకి పంపుతారు, అందుకని ఎండాకాలం మొదలవకముందే, ఫిబ్రవరిలోనే మాట్లాడుకోవడం మంచిది. డ్రైవర్లతో మాత్రం నాకు ఏ పేచీ లేదు. నిద్రలేక కళ్లు ఎర్రబడి వచ్చి కూడా "సార్, పైపు లీకవుతోంది, కాస్త పక్కకి జరగండి" అని మర్యాదగా చెప్పేవాళ్లే అందరూ.

ధర అంటారా, పదివేల లీటర్ల బండికి సీజన్ మొదట్లో చెప్పిన రేటు మే నెలకి దాదాపు రెట్టింపయింది. డీజిల్ అంటాడు, బోరు దగ్గర క్యూ అంటాడు, కరెంటు లేదంటాడు. మెయింటెనెన్స్ డబ్బులు ఎండాకాలంలోనే తడిసి మోపెడయ్యాయి, వాట్సాప్ గ్రూపులో నా మీద పడ్డ అక్షింతలు వేరే లెక్క. "అన్నా, మనకి వెనకాలే చెరువుంది కదా, నీళ్లు కొనుక్కోవడమేంటి?" అని మూడో ఫ్లోర్ కుర్రాడు అడిగాడు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నా కానీ నిజానికి ఈ రివ్యూ అంతా ఆ ప్రశ్నకి జవాబే.

దానికంటే ముందు కొలత గురించి చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. ట్యాంకర్ మీద 10,000 లీటర్లు అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, లోపల ఎంతుందో మూత తీసి ఎవరూ చూడరు. మా సంపు లోపలి కొలత అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. అంటే ఇరవై చదరపు మీటర్లు, అంటే నీళ్లు అయిదు సెంటీమీటర్లు పెరిగితే వెయ్యి లీటర్లు వచ్చినట్టు. పదివేల లీటర్లు పడితే సరిగ్గా అర మీటరు పెరగాలి. ఒక పొడవాటి పీవీసీ పైపుకి మార్కర్‌తో సెంటీమీటర్ల గీతలు గీసి వాచ్‌మన్ చేతికిచ్చాను, బండి రాగానే ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కించే మోటారు ఆపేసి, నింపకముందు ఒకసారి, నింపాక ఒకసారి ముంచి చూసి నోట్‌బుక్‌లో రాయమన్నాను. మోటారు ఆపకపోతే ఒకపక్క నీళ్లు పైకి పోతూ ఉంటాయి, లెక్క తప్పుతుంది, డ్రైవర్‌తో అనవసరంగా గొడవ.

మొదటి వారం పైపు మీద తడి గీత ఒక్కోసారి 41 సెంటీమీటర్లు, ఒక్కోసారి 43. అంటే ఎనిమిదివేల చిల్లర లీటర్లకి పదివేల డబ్బులు కడుతున్నాం. నోట్‌బుక్ ఫొటో తీసి సప్లయర్‌కి పంపాను. పెద్దగా వాదించలేదు, "దారిలో గతుకులకి ఒలికిపోతాయి సార్" అన్నాడు. పదిహేను వందల లీటర్లు ఒలికిపోయే గతుకులు మా రోడ్డు మీద కూడా లేవు. అయితే ఆ తర్వాత మాత్రం 47కి తగ్గలేదు. మీరు కూడా ఈ పని చేయండి, మీటర్లు పెట్టించే ఖర్చు లేకుండా పైపు ముక్కతో అయిపోతుంది. సంపు కొలతలు తెలియకపోతే బిల్డర్ ఇచ్చిన ప్లాన్‌లో ఉంటాయి.

ఇక నీళ్ల నాణ్యత. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ ఒకటి కొన్నాను, పెన్నులా ఉంటుంది, ఏదైనా ఆన్‌లైన్ షాపులో దొరుకుతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు, వేరే దారి లేనప్పుడు 2000 దాకా పర్వాలేదంటుంది. మా ట్యాంకర్ నీళ్లు ఒకరోజు 450, ఇంకోరోజు 1300. అదే సప్లయర్, అదే బండి, కొన్నిసార్లు అదే డ్రైవర్. 450 వచ్చిన రోజు సబ్బు నురగ వచ్చేది, 1300 వచ్చిన రోజు బకెట్ అంచున తెల్లటి పొర, తల స్నానం చేస్తే జుట్టు పీచులాగా. కొన్ని రోజులు సంపు మూత తీయగానే అదో రకం వాసన కూడా వచ్చేది, మురుగు అని గట్టిగా చెప్పలేం, మంచి నీళ్లని అస్సలు చెప్పలేం. ఇక్కడొక మాట: టీడీఎస్ తక్కువుంటే నీళ్లు మంచివని అనుకోవద్దు. ఆ మీటర్ కరిగిన లవణాల లెక్క మాత్రమే చెబుతుంది, క్రిములున్నాయో లేదో దానికి తెలియదు. దానికి క్లోరిన్ చూసుకోవాలి, చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చే చిన్న కిట్లుంటాయి. సిటీకి నీళ్లిచ్చే ప్రభుత్వ సంస్థ జలమండలి కుళాయి నీళ్లకి వేస్తే పసుపు తేలేది, ప్రైవేటు ట్యాంకర్ నీళ్లకి ఎప్పుడూ తేలలేదు. ఎవరూ క్లోరిన్ కలపరు మరి, బోరులోంచి బండిలోకి, బండిలోంచి మన సంపులోకి.

ఒకే మనిషి తెచ్చే నీళ్లు రోజుకో రకంగా ఎందుకుంటాయో అర్థంకాక ఒక శనివారం డ్రైవర్‌ని అడిగి అతని పక్క సీట్లో ఎక్కి వెళ్లాను. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక ఊరి చెరువు కట్ట కింద, ఒకప్పుడు వరి పండిన మడిలో, రెండు బోర్లు, ఒక సిమెంటు తొట్టి, ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన బండ్ల లైను. పొలం యజమాని కుర్చీ వేసుకుని పుస్తకంలో టిక్కులు పెడుతున్నాడు. మే నెల, ఎండ మండిపోతోంది, అయినా కట్టెక్కి చూస్తే చెరువులో సగానికి పైగా నీళ్లు, కొంగలు, గట్టు మీద గేదెలు. నీళ్లు ఎట్లా ఉన్నాయని అడిగితే ఆయన చేత్తో వాగు వచ్చే వైపు చూపించి "పైనుంచి వాగు ఇంకా తెరిచే ఉంది సార్, మత్తడి దుంకిన ఏడాది బోరు ఆగదు" అన్నాడు. మత్తడి దుంకడం అంటే చెరువు నిండి అలుగు మీంచి పొర్లడం. అక్కడి నీళ్లు మీటర్ పెట్టి చూస్తే 430. మా సంపులో మంచి రోజుల్లో కనిపించే అంకెకి దగ్గరే.

డ్రైవర్‌ని దారిలో ఇంకో ప్రశ్న అడిగా, మరి ఆ 1300 నీళ్లు ఎక్కడివి అని. కాసేపు నసిగి చెప్పేశాడు. "ఇంత దూరం పోతే ట్రాఫిక్‌లో రోజుకి రెండు ట్రిప్పులే పడతాయి సార్. రష్ ఉన్నప్పుడు దగ్గర పాయింట్‌లోనే నింపుతాం." దగ్గర పాయింట్ అంటే సిటీ లోపల, ఇంకో చెరువు పక్కన, అపార్ట్‌మెంట్ల డ్రైనేజీ నేరుగా కలిసే చెరువు అది. అక్కడికీ వెళ్లి చూశాను. చుట్టూ ప్రహరీలు, చెరువు మీద పచ్చటి దుప్పటిలా గుర్రపు డెక్క, దాని పక్కనే షెడ్డులో బోరు. ముక్కు మూసుకోకుండా నిలబడలేం. మా సంపు మూత తీసినప్పుడు వచ్చే వాసన కాస్త పలచన, అంతే తేడా.

కాబట్టి నేను మార్కులు వేసేది సప్లయర్‌కి కాదు, అతను ఆ పూట ఏ చెరువు కింద బండి నింపాడో దానికి. మనది రాతి నేల. హైదరాబాద్ కింద అంతా గ్రానైట్, పైన కొంత మెత్తబడ్డ పొర, కింద బండరాయిలో పగుళ్లు. నీళ్లు నిలిచేది ఆ పొరలో, ఆ పగుళ్లలోనే. కోస్తాలో ఇసుక నేలల్లా తవ్వినచోటల్లా ఊరవు. అందుకే వెనకటివాళ్లు ఇక్కడ గొలుసుకట్టుగా చెరువులు కట్టారు, పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేలా, ఒక్కో చెరువు నిండి కూర్చుంటే దాని చుట్టూ నేల మెల్లగా తాగేలా. ఆ నీళ్లే బావుల్లోకి వచ్చేవి, ఇప్పుడు బోర్లలోకి రావాలి. మధ్యలో నాలా మూసేసి ఇల్లు కడితే కింది చెరువుకి వాన నీళ్లు రావు, డ్రైనేజీ పైపు పెడితే మురుగు మాత్రం ఏడాది పొడుగునా వస్తుంది.

మా వెనకాల చెరువు కథ ఇదే. మూడో ఫ్లోర్ కుర్రాడికి అక్కడ నీళ్లు కనిపిస్తున్నాయి, నిజమే, మే నెలలో కూడా ఎండిపోదు. ఎండిపోకపోవడమే అసలు చిక్కు. వాన మీద బతికే చెరువు ఎండాకాలంలో తగ్గుతుంది, అడుగు ఎండుతుంది, వెనకటి రోజుల్లో ఊళ్లలో అయితే అప్పుడే పూడిక తీసి పొలాలకి తోలుకునేవాళ్లు. మురుగు మీద బతికే చెరువు తగ్గదు, అడుగున బురద పేరుకుపోయి నీళ్లు సరిగా ఇంకవు, ఇంకినవి కూడా నైట్రేట్లు మోసుకొస్తాయి. అమ్మేటప్పుడు బ్రోచర్లో "లేక్ వ్యూ" అని వేసి చదరపు అడుగుకి అదనంగా తీసుకున్నారు, సాయంత్రం అయిదు దాటితే ఆ వైపు బాల్కనీ తలుపులు దోమలకి భయపడి ఎవరూ తీయరు. పైన పటారం, లోన లొటారం.

ఇదే హైదరాబాద్‌లో ఒకప్పుడు దుర్గం చెరువు నీళ్లు గోల్కొండ కోటకి తాగడానికి వెళ్లేవి. ఇప్పుడు దాని మీద 2020లో తెరిచిన కేబుల్ బ్రిడ్జి దగ్గర సెల్ఫీలు దిగుతాం, కింద నీళ్లని మాత్రం ఎవరూ నోట్లో పోసుకోరు. 1908లో మూసీ వరద వచ్చి సిటీని ముంచేశాక కట్టిన గండిపేట 1920కి, హిమాయత్ సాగర్ 1927కి పూర్తయ్యాయి, వరద ఆపడానికీ తాగడానికీ రెండిటికీ పనికొచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలి పోడని మా తాతల కాలం మాట. ఇప్పుడు మన కుళాయిలో వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం కృష్ణ, గోదావరి. కృష్ణ నీళ్లు నాగార్జున సాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకి పైగా, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి అంతకంటే దూరం, మోటార్లతో ఎత్తిపోసుకుంటూ తెచ్చుకుంటున్నాం. ఊళ్లో చెరువులు పెట్టుకుని రెండు నదుల్ని కరెంటు బిల్లు కట్టి తెచ్చుకునే సిటీ మనది.

అలాగని జలమండలిని తక్కువ చేయను, పోలిస్తే అదే మేలు. 2021 నుంచి ఇంటికి నెలకి ఇరవై వేల లీటర్లు ఉచితం, అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకి ఇంతని లెక్కేస్తారు, క్యాన్ (జలమండలి కనెక్షన్) నంబర్‌కి ఆధార్ అనుసంధానం చేసి మీటర్ పని చేస్తుంటే చాలు. మా దాంట్లో చాలామంది ఆ అనుసంధానం చేయకుండానే గ్రూపులో బిల్లు గురించి గోల పెడుతుంటారు. జలమండలి ట్యాంకర్ కూడా బుక్ చేసుకోవచ్చు, 155313కి ఫోన్ చేస్తే చాలు, ధర ప్రైవేటు కంటే బాగా తక్కువ, నీళ్లు శుద్ధి చేసినవి. చిక్కల్లా ఎదురుచూపు. ఎండలు ముదిరాక బుకింగ్ దొరకడమే కష్టం, వచ్చేసరికి సంపు అడుగు కనిపిస్తుంది. నా సలహా ఏంటంటే తాగడానికి, వంటకి కుళాయి నీళ్లు, లేకపోతే జలమండలి ట్యాంకర్ నీళ్లు విడిగా పెట్టుకోండి, ప్రైవేటు నీళ్లు బాత్రూములకి. సంపు ఒక్కటే ఉంటే మధ్యలో గోడ కట్టించుకున్నా ఒక సీజన్ ట్యాంకర్ ఖర్చు కంటే తక్కువే అవుతుంది.

ఇంకో తమాషా చెప్తాను. ఎండాకాలం అంతా ఇట్లా నీళ్లు కొన్నామా, పోయిన వానాకాలంలో మా సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే మోటారు అద్దెకి తెచ్చి రాత్రంతా రోడ్డు మీదకి తోడించాం. డీజిల్ మోటారు బిల్లు, ట్యాంకర్ బిల్లు ఒకే ఫైల్లో ఉన్నాయి. కూర్చుని లెక్కేశాను: హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. మా రెండు బ్లాకుల పైకప్పు కలిపి వెయ్యి చదరపు మీటర్లు అనుకుంటే ఎనిమిది లక్షల లీటర్లు. అందులో అయిదో వంతు ఆవిరికీ వృథాకీ వదిలేసినా ఆరు లక్షల నలభై వేలు, అంటే పదివేల లీటర్ల బండ్లు అరవై నాలుగు. అదీ పైకప్పు మాత్రమే, పార్కింగ్, డ్రైవ్‌వే కలపకుండా. ఇప్పుడు ఆ నీళ్లు పైపుల్లోంచి నేరుగా రోడ్డు మీదకి పోతున్నాయి, అక్కడ్నుంచి నాలాలోకి, నాలా ఇరుకైన చోట ఎవరి ఇంట్లోకో.

ఇంకుడు గుంత మా దగ్గర లేదా అంటే ఉంది, కాగితం మీద. అనుమతి కోసం తవ్వారు, పైన రాళ్లు పోశారు, తర్వాత దాని మీద పూల కుండీలు పెట్టారు. ఈసారి కుండీలు తీయించి చూస్తే లోపల అంతా సిమెంటు మట్టి గట్టిపడి ఉంది. మళ్లీ తవ్వించి అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆపైన ఇసుక వేయించాం, పైకప్పు నుంచి వచ్చే పైపు దానికి కలిపాం, మొదటి వాన నీళ్లు బయటికి వదిలేయడానికి ఒక వాల్వు పెట్టాం. ఖర్చు గురించి గ్రూపులో మళ్లీ గొడవ. దీనివల్ల వచ్చే ఎండాకాలంలో ట్యాంకర్లు పూర్తిగా మానేస్తామని నేనేమీ చెప్పను, పక్క అపార్ట్‌మెంట్లు కూడా తలా ఒకటి చేస్తే తప్ప బోరుకి పెద్ద తేడా తెలియదు. మార్చి చివర్లోనే మొదలయ్యే ఖర్చు ఏప్రిల్ చివరికో మే నెలకో జరిగినా అదే చాలు.

చెరువు సంగతి మా చేతుల్లో లేదు గానీ అడగడం మానలేదు. పది హెక్టార్లు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా ఖాళీ జాగా వదలాలని రూలు. మా చెరువు బఫర్‌లో ఒక షెడ్డు, ఒక పార్కింగ్, ఒక టిఫిన్ సెంటర్ ఉన్నాయి. టిఫిన్ సెంటర్‌లో దోసె బాగుంటుందని గ్రూపులో సగం మంది దాని పక్షం. మేమంతా సంతకాలు పెట్టి మొదట కోరింది అది తీసేయమని కాదు, పై కాలనీ డ్రైనేజీ చెరువులోకి రాకుండా మళ్లించమని. మురుగు ఆగితే ఒకట్రెండు ఎండాకాలాల్లో చెరువు ఎండి అడుగు బయటపడుతుంది, అప్పుడు పూడిక తీయొచ్చు. మురుగు వస్తున్నంత కాలం పైన గుర్రపు డెక్క తీసే మిషన్ ఎన్నిసార్లు తిప్పినా బూడిదలో పోసిన పన్నీరే.

ఇక మీరు ట్యాంకర్ మాట్లాడుకోబోతుంటే రేటు ఆఖర్న అడగండి. ఎక్కడ నింపుతారు, ఆ పాయింట్ పక్కన చెరువుందా, అందులో నీళ్లు వాగువా మురుగువా, వీలైతే ఒకసారి బండెక్కి చూసి రండి, నాకు పట్టింది ఒక పూట. రెండు పాయింట్లు వాడుతున్నాడని తెలిస్తే దూరం పాయింట్‌కి వేరే రేటు, దగ్గర పాయింట్‌కి వేరే రేటు మాట్లాడుకుని ఏ బండి ఎక్కడిదో చెప్పాలని ఒప్పందంలోనే రాయించండి. మేమట్లా రాయించాక దూరం నీళ్లకి ఒక్కో బండికి కొంచెం ఎక్కువ పడింది, కానీ గీజర్లు పాడవడం తగ్గింది, వాసన మీద ఫిర్యాదులు ఆగాయి. అయిదుకి మూడు. టైమ్‌కీ కొలతకీ నేను విడిగా మార్కులేమీ వేయలేదు, కొలత మన పైపు ముక్క చూసుకుంటుంది, టైమ్ సంగతి వాచ్‌మన్ నిద్రని బట్టి ఉంటుంది.

ఒప్పందం కాపీ కావాలంటే అడగండి, పేర్లు తీసేసి పంపుతాను.